ముద్ద చిన్నదైన రోజులు

రెండు చూపుడు వేళ్లనూ చెవి రంధ్రాలకు కాస్త ముందుగా, చెంపల మీద ఆనించండి. ఇప్పుడు మెల్లగా నోరు తెరిచి మూయండి. వేళ్ల కింద గుండ్రంగా ఏదో కదిలినట్టు తెలుస్తుంది కదూ! అదే దవడ కీలు. మోకాలి గురించి, నడుము గురించి ప్రతి ఇంట్లోనూ రోజూ చర్చ జరుగుతుంది. దవడ కీలును మాత్రం ఎవరూ తలుచుకోరు. పాపం, మాట్లాడినా, నమిలినా, మింగినా, ఆవలించినా, అత్తాకోడళ్లు ఒకరినొకరు ఓ మాట అనుకున్నా కష్టపడేది అదే.

ఈ కీలు పనితనం తెలిస్తే ఆశ్చర్యం వేస్తుంది. నోరు కొద్దిగా తెరిచినంతసేపూ అది తలుపు బందులా తిరుగుతుంది. ఇంకా తెరిస్తే టేబుల్ సొరుగులా ముందుకు జరుగుతుంది. తిరగడం, జారడం... రెండూ ఒకే కీలులో! కింది దవడ ఎముక కొనకూ, పైనున్న పుర్రె ఎముకకూ మధ్య మెత్తటి చిన్న బిళ్ల ఒకటి ఉంటుంది. రెండు ఎముకలూ రాసుకోకుండా కాపాడేది అదే. పైగా కింది దవడ ఒకే ఎముక. దానికి కుడివైపు ఒక కీలు, ఎడమవైపు ఒక కీలు. కావడి మోసేవాడిని చూడండి, ఒకవైపు బుట్ట బరువెక్కితే రెండో బుట్ట కూడా కుదురుగా ఉండదు. దవడ సంగతీ అంతే.

మధ్యలో ఉన్న బిళ్ల కాస్త ముందుకు జారిందనుకోండి. నోరు తెరిచినప్పుడు ఎముక దాని మీదికెక్కి 'టక్'మంటుంది. చాలామందికి ఈ చప్పుడు ఉంటుంది. నొప్పి లేకపోతే, నోరు మామూలుగా తెరుచుకుంటూ ఉంటే దానికి వైద్యమే అక్కర్లేదంటారు డాక్టర్లు. నాకూ ఏడాదికి పైగా ఎడమవైపు ఆ చప్పుడు ఉండేది. పిల్లలకు పాఠం చెబుతుంటే నాకొక్కదానికే వినిపించే తాళం అది.

2022 ఆగస్టులో ఒకరోజు పొద్దున లేచేసరికి ఆ చప్పుడు పోయింది. దాంతోపాటే నోరు తెరుచుకోవడమూ పోయింది. పళ్లు తోముకుందామంటే బ్రష్షు అడ్డంగా తిరగడం లేదు. అద్దంలో చూసుకుంటే గడ్డం ఎడమవైపుకి లాగినట్టుంది. మామూలుగా మన చూపుడు వేలు, మధ్య వేలు, ఉంగరం వేలు ఒకదాని కింద ఒకటి నిలువుగా పెడితే మూడూ ముందుపళ్ల మధ్య పట్టాలి. నాకు రెండు వేళ్లు కూడా కష్టంగా పట్టాయి.

మాది హనుమకొండ. ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతాను. నోరే నా పలుగూ పారా!

ఇరుగుపొరుగు సలహాలకు కొదవేముంది? "గాలి సోకిందమ్మా" అంది మా అత్తమ్మ, పసుపు వేడిచేసి పట్టు వేస్తూ. "ధనుర్వాతమేమో, సూది వేయించు" అన్నారు ఎదురింటివాళ్లు. "గట్టిగ ఒక్కటి చరిస్తే సెట్ అయితది" అన్నాడు మా మరిది. అదృష్టవశాత్తూ ఆ వైద్యం ఎవరూ చేయలేదు. చెవిలో పోటు కూడా ఉండటంతో ముందు చెవి డాక్టరు దగ్గరికి వెళ్లాం. "చెవి శుభ్రంగా ఉంది, పళ్ల డాక్టరుకు చూపించండి" అన్నారాయన. పళ్ల డాక్టరు ఎక్స్‌రే తీసి, పళ్లూ బాగానే ఉన్నాయన్నారు. ఇంకో పెద్ద క్లినిక్కులో మాత్రం, పై పళ్లూ కింది పళ్లూ సరిగ్గా కలవకపోవడమే కారణమని, అన్నీ కొంచెం కొంచెం అరగదీసి కొత్త తొడుగులు వేయాలని చెప్పారు. ఓ కాగితం మీద లెక్క రాసి ఇచ్చారు. ఆ మొత్తం మా అమ్మాయి ఇంజినీరింగ్ ఏడాది ఫీజు కంటే ఎక్కువ!

ఆ కాగితం మా బీరువాలో మూడు వారాలుంది.

కంచం ముందు కూర్చుంటే...

దవడ పట్టేస్తే మొదట మారిపోయేది ముద్ద. మనం అన్నం కలిపి ముద్ద చేసేటప్పుడు కొలత ఎవరూ చెప్పరు. నోటికి ఎంత కావాలో చేతికి తెలుసు. నా చేయి పాత కొలతకే ముద్ద చేసేది, నోరు పట్టనిచ్చేది కాదు. చిన్నపిల్లలకు పెట్టే గోరుముద్దలంత చేసుకుని, వాటిని పక్కనుంచి తోసుకోవాల్సి వచ్చేది. రొట్టె సంగతి మరిచిపోయాను. మక్క కంకి, సర్వపిండి, జామకాయ... ఒక్కొక్కటీ వరుసగా సెలవు తీసుకున్నాయి. మజ్జిగలో మెత్తగా పిసికిన అన్నం, పప్పుచారు, ఇడ్లీ... ఇవే మిగిలాయి.

ఆకలి కంటే మొహమాటం పెద్ద బాధ. దసరాకు మా ఆడబిడ్డ ఇంట్లో అందరూ పంక్తిలో కూర్చుంటే, వడ్డిస్తానన్న వంకతో నేను నిలబడ్డాను. తరవాత వంటింట్లో గిన్నెలో పిసుక్కుని తిన్నాను. పెళ్లిభోజనాలకు వెళ్లడం మానేశాను. పెద్దగా నవ్వడం మానేశాను. క్లాసులో పద్యం ఎత్తుకుంటే, దీర్ఘాల దగ్గర నోరు చాలేది కాదు. వెనక బెంచీ పిల్లలకు వినబడేలా చెప్పి సాయంత్రం ఇంటికొచ్చేసరికి కణతల దాకా సలుపు. ఇక నుంచి ఇంతేనేమో, ఉద్యోగం ఎలా చేయాలి అన్న దిగులు రాత్రిళ్లు నిద్ర పట్టనిచ్చేది కాదు.

చివరికి ఒక ఓరల్ సర్జన్ చూసి, చెవుల ముందు వేళ్లతో నొక్కి, స్కేలుతో కొలిచి, "మంచి పళ్లను అరగదీయాల్సిన పని లేదు. ఆపరేషను ఊసు ఇప్పుడే వద్దు. ముందు ఫిజియోథెరపీకి వెళ్లండి" అన్నారు. ఫిజియోథెరపీ అంటే నడుముకూ మోకాలికీ, పక్షవాతం వచ్చినవాళ్లకూ అనే కదా మనకు తెలుసు! దవడకూ ఉంటుందా అని ఇంట్లో అందరూ నోరు తెరిచారు, నేను తప్ప.

ఇరవై నాలుగు మిల్లీమీటర్లు

ఫిజియోథెరపిస్టుకు ముప్పై ఏళ్లు కూడా ఉండవు. మొదటిరోజు ఏ మిషనూ పెట్టలేదు. నోరు ఎంత తెరుచుకుంటోందో స్కేలుతో కొలిచి పుస్తకంలో రాసుకుంది. 24 మిల్లీమీటర్లు. పెద్దవాళ్లలో సాధారణంగా అది 40 దాటుతుంది. గడ్డం ఎటు లాగుతోందో చూసింది. చెంపలు, కణతలు, మెడ కండరాలు నొక్కి చూసింది. తరవాత నన్ను పక్కకు తిప్పి నిలబెట్టి ఫోన్లో ఫొటో తీసి చూపించింది. తల భుజాల కంటే ముందుకొచ్చి ఉంది, బావిలోకి తొంగి చూస్తున్నట్టు!

"మేడం, మెడ ముందుకెళ్తే దవడను పట్టుకునే కండరాలు కూడా లాక్కుపోతాయి. దవడ ఒక్కదానికే చేస్తే చాలదు, మెడకూ చేయాలి" అంది.

చికిత్స నాలుగు రకాలుగా సాగింది. మొదట వేడి. వేడినీళ్లలో ముంచి పిండిన తువ్వాలు చెంప మీద పదిహేను నిమిషాలు. బిగిసిన కండరాలు కాస్త మెత్తబడతాయి. రెండోది చేతివైద్యం. చేతికి గ్లవ్ వేసుకుని బొటనవేలు నోట్లో, మిగతా వేళ్లు చెంప బయట ఉంచి, నమిలే కండరాన్ని రెండింటి మధ్యా పట్టి నెమ్మదిగా నొక్కేది. మొదటిరోజు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ కండరంలో బఠాణీ గింజల్లా గడ్డకట్టిన చోట్లు ఉంటాయట. వాటిని నొక్కితే నొప్పి కణతకో, పంటికో, చెవికో పాకుతుంది. చెవి బాగున్నా చెవిపోటు ఎందుకొచ్చిందో అప్పుడు అర్థమైంది. మూడోది కీలును కదిలించడం. బొటనవేలు కింది దవడ పళ్ల మీద పెట్టి, దవడను మెల్లగా కిందికీ ముందుకీ లాగి వదిలేది. బిగుసుకున్న డబ్బా మూతను జాగ్రత్తగా వదులు చేసినట్టు. నాలుగోది ఇంటిపని. అసలు వైద్యం అదే అంది.

ఆ ఇంటిపని ఇదీ. 'న' అనబోయి ఆగిపోతే నాలుక ఎక్కడుంటుంది? పై పళ్ల వెనక, అంగిలికి ఆని. నాలుక విశ్రాంతిగా ఉండాల్సిన చోటు అదే. నాలుకను అక్కడే ఉంచి, అది ఊడిపోనంత మేరకే నోరు తెరిచి మూయాలి. అలా చేస్తే కీలు జారకుండా తిరుగుతుంది, గడ్డం పక్కకు పోదు. తరవాత గడ్డం కింద వేలు పెట్టి, వేలు పైకి అదుముతుంటే నోరు మెల్లగా తెరవాలి. బలమంతా చూపించకూడదు, కోడిగుడ్డును అదిమినంత చాలు. గడ్డాన్ని వెనక్కి లాగి మెడను నిటారు చేయడం, భుజాలు వెనక్కి కలపడం వేరే వ్యాయామాలు. చిలీ దేశపు ఫిజియోథెరపిస్టు మరియానో రొకబాడో ఇలాంటివి ఆరు ఎంచి, ఒక్కొక్కటి ఆరుసార్లు, రోజుకు ఆరు విడతలు చేయమని ఒక పద్ధతి పెట్టారు. ప్రపంచమంతా దాన్ని 'సిక్స్ బై సిక్స్' అంటారు. మా బడిలో పీరియడ్ల మధ్య గంట కొట్టినప్పుడల్లా ఒక విడత చొప్పున నేను కానిచ్చేదాన్ని.

ఇక ఐస్‌క్రీం పుల్లలు! శుభ్రమైన పుల్లలు దొంతరగా పేర్చి ముందుపళ్ల మధ్య పెట్టుకుని అరనిమిషం ఉండాలి. తేలికైతే ఇంకో పుల్ల. నొప్పి మొదలయ్యేచోట ఆగిపోవాలి, పంతానికి పోకూడదు. మొదటిరోజు పదకొండు పుల్లలు పట్టాయి. రెండో వారం కొలిస్తే 27 మిల్లీమీటర్లు. మూడో వారమంతా ఒక్క మిల్లీమీటరూ పెరగలేదు, సలుపు మాత్రం పెరిగింది. "కండరం అలిసింది మేడం, రెండురోజులు పుల్లలు ఆపి వేడి మాత్రం పెట్టండి" అంది. నాలుగో వారం 32. ఏడో వారానికి 38. పుల్లలు పద్దెనిమిది. సిట్టింగుకు 400 రూపాయల చొప్పున, వారానికి రెండు లెక్కన మొత్తం పద్నాలుగు సిట్టింగులు, 5,600 రూపాయలు. బీరువాలోని కాగితం చింపేశాను.

పంటి బిగువున...

అయితే అన్నిటికంటే నాకు పనికొచ్చింది అణా ఖర్చులేని చిట్కా. "మేడం, ఇంట్లో బొట్టుబిళ్లలు ఉంటాయి కదా! మీరు రోజూ చూసే వస్తువుల మీద ఒక్కొక్కటి అంటించండి. అది కనబడినప్పుడల్లా మీ పళ్లు కలిసి ఉన్నాయో విడిగా ఉన్నాయో చూసుకోండి. పెదవులు కలిసి ఉండాలి, పళ్లు కలవకూడదు" అంది. తినేటప్పుడు, మింగేటప్పుడు తప్ప పై పళ్లకూ కింది పళ్లకూ పనేమీ లేదట.

ఫోన్ వెనక ఒకటి, ఫ్రిజ్ తలుపు మీద ఒకటి, హాజరు పట్టీ మీద ఒకటి, కుక్కరు పక్క గోడ మీద ఒకటి పెట్టాను. నాలుగురోజులు గమనించాను. పరీక్ష పేపర్లు దిద్దేటప్పుడు పళ్లు కలిసే ఉన్నాయి. బస్సులో నిలబడితే కలిసే ఉన్నాయి. ఫోన్లో బడి వివరాలు ఎక్కిస్తుంటే గట్టిగా కలిసి ఉన్నాయి. అన్నిటికంటే గట్టిగా బిగుసుకున్నది రాత్రి తొమ్మిదింటికి, అమ్మతో మాట్లాడేటప్పుడు.

మా అమ్మకు మతిమరుపు జబ్బు. మా తమ్ముడి దగ్గర ఉంటుంది. రోజూ ఫోన్ చేస్తాను. "నాన్న ఇంకా ఇంటికి రాలేదే" అంటుంది. నాన్న పోయి ఎనిమిదేళ్లు. "వస్తారమ్మా" అంటాను. రెండు నిమిషాలకు మళ్లీ అదే మాట. మళ్లీ అదే జవాబు. ఆ జవాబులన్నీ పళ్ల మధ్య నుంచి వస్తున్నాయని ఫోన్ వెనక ఎర్రబొట్టు చూసేదాకా నాకు తెలియదు. 'పంటి బిగువున భరించడం' అని మనవాళ్లు ఊరికే అనలేదు. ముఖ్యంగా ఆడవాళ్లకు అదొక సుగుణమని నేర్పి పెట్టారు. దవడ నొప్పి ఆడవాళ్లలోనే ఎక్కువని వైద్యులు చెబుతారు. దానికి కారణాలు ఇంకా ఉన్నాయి, బిగువు ఒక్కటే అనలేం. కానీ నమిలే కండరం శరీరంలో బాగా బలమైనవాటిలో ఒకటి. అంత బలమైనదాన్ని గంటల తరబడి బిగబడితే అది మాత్రం ఏం చేస్తుంది?

అమ్మ జబ్బు తగ్గేది కాదు. ఆ ఫోన్ కాల్ మానేది కాదు. ఇప్పుడు మాట్లాడేముందు నాలుకను అంగిలికి ఆనించి, రెండు పెద్ద ఊపిర్లు తీసుకుంటాను. "వస్తారమ్మా" అన్న మాట కాస్త మెత్తగా వస్తోంది. అమ్మకు తేడా తెలుస్తుందో లేదో కానీ, నా దవడకు తెలుస్తోంది.

హనుమ పేరులోనే ఉంది

తెలుగు పంతులమ్మను కదా, ఇంకో సంగతి చెప్పకుండా ఉండలేను. హనువు అంటే దవడ. బాల ఆంజనేయుడు సూర్యుణ్ని పండనుకుని ఎగిరితే, ఇంద్రుడు వజ్రాయుధంతో కొట్టాడు. దవడకు దెబ్బ తగిలింది. అందుకే హనుమంతుడయ్యాడు. దవడ గాయం పేరుగా మారిన దేవుణ్ని రోజూ కొలిచే మనం ఆ కీలును పట్టించుకోకపోవడం వింతే. సుశ్రుతుడు మాత్రం పట్టించుకున్నాడు. దవడ కీలు తప్పితే కాపడం పెట్టి, ఎముకను చోటికి చేర్చి, కట్టు కట్టమన్నాడు. ఈజిప్టులో దొరికిన ఎడ్విన్ స్మిత్ పపైరస్ దాదాపు 3,600 ఏళ్ల నాటిది. దవడ జారితే బొటనవేళ్లు నోటి లోపల, మిగతా వేళ్లు గడ్డం కింద పెట్టి సర్దమని అందులో ఉంది. నా ఫిజియోథెరపిస్టు చేతులు ఉంచిన తీరూ ఇంచుమించు అదే!

ఆధునిక వైద్యం మాత్రం కాస్త చుట్టు తిరిగి వచ్చింది. 1934లో అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో జేమ్స్ కాస్టెన్ అనే చెవి డాక్టరు, చెవిపోటుకూ దవడ కీలుకూ సంబంధముందని రాశారు. పళ్లు ఊడి దవడ మరీ దగ్గరగా మూసుకోవడమే మూలమని ఆయన అనుకున్నారు. అప్పటి నుంచి పళ్లను సరిచేస్తే దవడ బాగవుతుందన్న నమ్మకం చాలాకాలం నడిచింది. 1950లలో కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన లాజ్లో ష్వార్జ్ వంటివారు కండరాల వైపు దృష్టి మళ్లించారు.

2023 డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్, మూడు నెలలకు మించిన దవడ నొప్పికి ఏది పనికొస్తుందో పరిశోధనలన్నీ వడపోసి మార్గదర్శకాలు ప్రచురించింది. గట్టిగా సిఫారసు చేసినవి ఏమిటనుకున్నారు? నిపుణులు చేతితో దవడను కదిలించడం, కండరంలోని నొప్పి బిందువులను నొక్కడం, దగ్గరుండి చేయించే దవడ వ్యాయామాలు, మెడ-భుజాల భంగిమను సరిచేసే వ్యాయామాలు, రోగికి ధైర్యం చెప్పి ఇంట్లో చేసుకునేవి నేర్పడం, ఆలోచనల తీరును మార్చే కౌన్సెలింగు. లేజర్, కరెంటు ప్యాడ్లు, బొటాక్స్ ఇంజెక్షన్లు, పళ్లకు తొడిగి తీసే స్ప్లింటుల విషయంలో అంత మొగ్గు చూపలేదు. పళ్ల అమరికను శాశ్వతంగా మార్చే స్ప్లింటులు, బిళ్లను తీసేసే ఆపరేషను వద్దని గట్టిగానే చెప్పింది. రాత్రిళ్లు పళ్లు కొరికేవారికి పళ్లు అరగకుండా తొడుగు ఇవ్వడం వేరే సంగతి, అది మీ దంతవైద్యులు చూసి చెప్పాలి.

నోరు పట్టేసిన ప్రతిదీ ఇదే అనుకోకూడదు సుమా! గుట్కా, వక్క అలవాటున్నవారికి నోరు క్రమంగా తెరుచుకోకుండా పోతుంటే, కారం తగిలితే మండుతుంటే అది వేరే జబ్బు. క్యాన్సరుకు దారితీయవచ్చు, వెంటనే చూపించాలి. నడిచినప్పుడో మెట్లెక్కినప్పుడో దవడ లాగితే, చెమటలు పడితే అది గుండె పిలుపు కావచ్చు. యాభై దాటినవారికి నమిలితే దవడ నొప్పి, కొత్తగా తలనొప్పి, చూపు మసకబారడం కలిసి వస్తే ఆలస్యం చేయొద్దు. జ్వరం, వాపు, దెబ్బ తగలడం, తెరిచిన నోరు మూతపడకపోవడం... వీటికి ముందు డాక్టరు, తరవాతే వ్యాయామం. ఫోన్లో వీడియో చూసి దవడను ఎవరితోనైనా విరిపించుకోవడం అసలే వద్దు.

మిగతావారికి చిన్న జాగ్రత్తలు చాలు. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకోవద్దు. బోర్లా పడుకోవద్దు. ఆవలింత వస్తే గడ్డం కింద చేయి అడ్డుపెట్టుకోండి. చూయింగ్ గమ్ము, ఐసుముక్కలు కొరకడం మానండి. నొప్పి ఉన్నన్నాళ్లు జామకాయను ముక్కలు కోసి తినండి, కొరకొద్దు.

నా దవడ పూర్తిగా కొత్తదైపోలేదు. చలికాలంలో పొద్దున్నే కాస్త బిగుస్తుంది. జారిన బిళ్ల మళ్లీ తన చోటికి రాకపోయినా కీలు సర్దుకుని పనిచేయగలదని సర్జన్ చెప్పారు, అలాగే పనిచేస్తోంది. ఈ సంక్రాంతికి సకినాలు విరిచి, చిన్న ముక్కలు చేసుకుని, పంక్తిలో కూర్చునే తిన్నాను. పద్యం వెనక బెంచీదాకా వినబడుతోంది. హాజరు పట్టీ మీద బొట్టు ఎందుకు పెట్టారు టీచర్ అని పిల్లలు అడిగితే కథంతా చెప్పాను. మా స్టాఫ్ రూములో ఇప్పుడు లెక్కల మాస్టారితో సహా ముగ్గురి ఫోన్ల వెనక ఎర్రటి బొట్టుబిళ్లలున్నాయి.